నడుమ నిలిచిన చదువు



వేసవి సెలవులు ముగిసి తొలకరి జల్లులతో పాటు కళాశాలల తలుపులు తెరచుకొను ఈ దినములలో, ప్రవేశముల కొరకు కార్యాలయపు కిటికీ ముందు వరుస కట్టిన పదునెనిమిదేండ్ల పిల్లల నడుమ, వారికంటె ఐదారేండ్లో, ఒక్కొక్కప్పుడు పదిపదునైదేండ్లో పెద్దయైన వ్యక్తి యొకరు, కాగితముల సంచిని రొమ్మునకు అదుముకొని, తెలిసినవారెవరును ఆ దారిన రాకుందురు గాక యని లోలోపల వేడుకొనుచు నిలిచియుండుట మీలో పలువురు చూచియే యుందురు. చిరకాలము అధ్యాపక వృత్తిలో నుండినవాడనగుటచే నేనును చూచితిని. ఒక యేడు అట్లు నిలిచిన యొక యిల్లాలిని చూచి గుమాస్తా, ఏ దురుద్దేశమును లేకయే, "ఏమ్మా, మీ అమ్మాయిది ఏ గ్రూపు?" అని యడిగెను. ఆమె కూతురప్పటికి మూడవ తరగతి. ఒక్క క్షణము తడబడి, "అమ్మాయికి కాదండీ, నాకే" అని ఆమె బదులు చెప్పగా వెనుకనున్న పిల్లలలో ఒకరిద్దరు నవ్విరి. గుమాస్తా మాత్రము నవ్వక, కొంచెము సిగ్గుపడి, కుర్చీ చూపెను.

ఆమె సంచిలో బదిలీ పత్రము, మార్కుల జాబితాలు, ఆధారు నకళ్లు మొదలైనవాటితో పాటు, గ్యాప్ సర్టిఫికెట్టని మనవారు వ్యవహరించు ప్రమాణపత్ర మొకటి యుండెను. కచేరి ఆవరణలో బల్ల వేసికొని కూర్చున్న టైపిస్టు స్టాంపు కాగితముపై టైపు చేసి యియ్యగా, నోటరీ వకీలుగారు సంతకము పెట్టి ముద్ర వేయు పత్రమది. ఫలానా సంవత్సరము మొదలు ఫలానా సంవత్సరము వరకు తాను ఏ విద్యాసంస్థయందును చేరి చదువలేదనియు, చట్టవిరుద్ధమైన కార్యమునందెందును పాల్గొనలేదనియు అందులో విద్యార్థి ప్రమాణము చేయును. నడుమ గడచిన యేండ్లలో ఆ మనిషి ఏమి చేయలేదో ఆ కాగితము సవిస్తరముగా చెప్పును. ఏమి చేసినదో దానికి అక్కరలేదు. మంచము పట్టిన అత్తగారికి చేసిన పరిచర్య గాని, ఇద్దరు బిడ్డల పురుళ్లు గాని, మగని సంపాదన చాలక రాత్రింబవళ్లు తొక్కిన కుట్టుమిషను గాని ఆ స్టాంపు కాగితమున కెక్కవు.

చదువు నడుమ నిలిచిపోవుటకు కారణములు మనమెరుగనివి కావు. తండ్రి హఠాత్తుగా మరణించుట, ఫీజు బకాయి పేరుకొనిపోవుట, నూనె మిల్లులోనో సెల్‌ఫోను దుకాణములోనో పనికి కుదురుకొనవలసి వచ్చుట, ఆడపిల్లకు తొందరపడి పెండ్లి చేయుట, దీర్ఘరోగము, హాజరు 75 శాతమునకు చాలక, కండొనేషను రుసుము కట్టి గట్టెక్కుటకును వీలులేక డిటెయిన్ అగుట, ఇవియన్నియు మన ప్రతి వీధిలోను ఉన్నవే. మనసు చెదరి, పుస్తకము తెరచినచో అక్షరములు కనబడక మానివేసినవారును కలరు; వారి మాట మాత్రము మన యిండ్లలో పైకి చెప్పుకొనరు.

మరలి వచ్చినవారికి మొదటి భయము పాఠమును గూర్చినది కాదు, బల్లను గూర్చినది. ముందు వరుసలో కూర్చున్నచో పెద్దరికము, వెనుక వరుసలో కూర్చున్నచో బెదురు. పిల్లలు "అక్కా" యనియు "అన్నా" యనియు మర్యాదగానే పిలుతురు గాని ఆ మర్యాదలోనే ఒక దూరము వినవచ్చును. తనతో పాటు చదివినవాడు అదే శాఖలో అధ్యాపకుడై హాజరుపట్టీ చేతబట్టి తన పేరు పిలిచిన దినము కొందరికి ఏండ్ల తరబడి జ్ఞాపకముండును. ఇంటికి పోయినచో, "ఇప్పుడెందుకమ్మా ఈ చదువు, ఎవరిని ఉద్ధరించుటకు?" అను ప్రశ్న సిద్ధముగా నుండును.

ఇట్టివారికి క్రైస్తవ విశ్వాసము ఏమి యొసగగలదనునదియే నేటి నా ప్రసంగ విషయము. అది ఏమి యొసగజాలదో ముందు చెప్పుట న్యాయము. మరచిపోయిన గణితమును అది జ్ఞాపకము చేయదు. వ్రాయని జవాబునకు మార్కులు వేయించదు. పోయిన యేండ్లను క్యాలెండరులో మరల అతికింపదు. ఈ మాట స్పష్టముగా చెప్పవలసి వచ్చుటకు కారణము, మన సంఘములలో ఇందుకు విరుద్ధమైన యోదార్పులు విరివిగా దొరకుచుండుటయే. చదువాగిపోయినవానితో, ఆగిన మరునాడే, "అంతా దేవుని చిత్తము" అని చెప్పి చేతులు దులుపుకొనువారు కలరు. యోబు మిత్రులు ఏడు పగళ్లును ఏడు రాత్రులును నోరు మెదపక అతని ప్రక్కన నేలపై కూర్చుండిరి. అంతవరకు వారు మంచి మిత్రులే, చిక్కంతయు నోరు విప్పిన పిమ్మట వచ్చినది. నూతన సంవత్సరారాధనలో తీసికొన్న వాగ్దాన వచనపు కార్డును గోడకంటించుకొని, ఆ గోడవైపే చూచుచు గ్రంథాలయమునకు పోవుట మానినవారిని నేనెరుగుదును. ఇక మార్చి నెల వచ్చునప్పటికి మన దేవాలయములలో హాలుటికెట్లు తెచ్చి వేదికముందుంచి ప్రార్థన చేయించుకొను ఆచార మొకటున్నది. అది మంచిదే; పిల్లలకు ధైర్యము వచ్చును. ఐతే ఆ వరుసలో మొదటిసారి పరీక్ష వ్రాయువారే నిలుతురు. మూడవమారు సప్లిమెంటరీ వ్రాయు యువకుడు తన హాలుటికెట్టును బైబిలులో దాచుకొని వెనుక స్తంభము చాటున నుండును. సాక్ష్యములును అంతియే. ఉత్తీర్ణుడైనవాడు వేదిక యెక్కి సాక్ష్యము చెప్పును. ఇంకను నడిమధ్యలో నున్నవాడు, ఏమగునో తెలియనివాడు, లేచి నిలిచి మాటలాడుట అరుదు. క్రైస్తవ నిరీక్షణ యనునది పుట్టినదే అట్టి నడిమధ్య స్థలమునందైనను, మన సభలలో దానికి చోటు చాలదు.

ఆ నిరీక్షణ యెట్టిదో చెప్పుటకు మత్తయి సువార్త 20వ అధ్యాయమునందలి ద్రాక్షతోట యజమానుని యుపమానముకంటె సన్నిహితమైనది నాకు కనబడదు. ఆ యజమానుడు తెల్లవారుజామున పోయి దినమునకొక దేనారము కూలి యొడబడి కొందరిని పనికి పెట్టుకొనును. తొమ్మిది గంటలకును, మధ్యాహ్నమునకును, మూడు గంటలకును మరల పోవును. పొద్దు గ్రుంకుటకు ఒక గంట ముందుకూడ పోయి, ఇంకను నిలిచియున్నవారిని చూచి, పగలంతయు ఏల ఊరకున్నారని యడుగును. వారు చెప్పిన సమాధానము మీరందరును ఎరిగినదే. తమ్మునెవరును పనికి పిలువలేదు. గుంటూరులోనో విజయవాడలోనో ఉదయము వేళ కూలీల అడ్డా చూచినవారికి ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు. క్యారేజీ గిన్నె చేతబట్టుకొని వచ్చినవారిలో కండపుష్టి గలవారిని మేస్త్రీలు ముందుగా ఏరుకొని పోదురు. ముసలివారు, బక్కపలచనివారు మిగులుదురు. పది గంటలు దాటిన పిమ్మట అక్కడ నిలిచినవానిని చూచి దారిన పోవువారు సోమరియనుకొందురు. అతడు సోమరి కాడు. తెల్లవారక ముందే వచ్చినవాడు.

ఉపమానమందలి యజమానుడు చివరి గంటకు వచ్చినవారికిని నిండు దేనారమిచ్చుట చూచి, ఎండలో పగలంతయు కష్టించినవారు సణిగిరి. వారి సణుగుడు అన్యాయమైనదని నేను గట్టిగా చెప్పలేను. లెక్క ప్రకారము వారిదే సబబు. ఐనను దేనారమనునది ఆ దేశమున ఒక కుటుంబము ఒకనాటికి తిను తిండి. ఆలస్యముగా పని దొరికినవాని బిడ్డలకును ఆకలి అంతే యని యజమానుడెరుగును. ఇందుండి, మరల కళాశాలకు వచ్చిన విద్యార్థి గ్రహింపదగిన దేమనగా, తన విలువ గడచిన గంటలను బట్టి నిర్ణయమగుట లేదనియు, తనను పనికి పిలిచినవాడు ఆలస్యమును చూచి పిలుపును తగ్గించువాడు కాడనియు. విశ్వవిద్యాలయము ఈ యజమానుని వంటిది కాదని వేరుగ చెప్పనక్కరలేదు; పరీక్షాధికారి ఒక గంట వ్రాసినవానికి ఒక గంట మార్కులే వేయును, వేయవలసినదియు అంతియే. విశ్వాసి ఈ రెండు లెక్కలను ఒకదానితోనొకటి కలపక, రెంటిని ఎరిగి నడచుకొనవలెను. మొదటి లెక్క తేలిపోయినదను ధైర్యముండుటచేతనే రెండవ లెక్కను సిగ్గులేక ఎదుర్కొనగలడు.

ఆలస్యముగా చదువునకు వచ్చినవానికి ఉదాహరణ మన చెంతనే యున్నది. విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాల 1953వ సంవత్సరమున స్థాపింపబడినది. దాని ద్వారము గుండ వేలకొలది విద్యార్థులు ప్రతిదినమును పోవుచు వచ్చుచున్నారు గాని, ఆ ఫలకముపైనున్న పేరు గల మనిషి, ముప్పది మూడేండ్ల వయస్సున చిన్న పిల్లలతో కూర్చుండి లాటిను వ్యాకరణము వల్లెవేసినవాడని వారిలో ఎందరెరుగుదురో చెప్పలేను. ప్రొటెస్టంటు సంఘములో పెరిగిన నాకును ఆ పేరు ఫలకముపై తప్ప చాలకాలము పరిచయము లేదు. ఇగ్నేషియసు లయోలా స్పెయిను దేశపు బాస్కు సీమలో 1491లో జన్మించిన క్షత్రియ లక్షణము గల యువకుడు. 1521 మే నెలలో పాంప్లోనా కోట ముట్టడియందు ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి మంచము పట్టి, చదువుకొనుటకు వీరగాథలు కావలెనని యడుగగా ఆ యింట అవి లేక, క్రీస్తు జీవితమును పరిశుద్ధుల చరిత్రలును చేతికిచ్చిరట. ఆ పఠనము ఆయన జీవితమును త్రిప్పివేసినది. యెరూషలేము యాత్ర చేసి వచ్చిన పిమ్మట, ఆత్మలకు సహాయము చేయవలెనన్నచో చదువు తప్పదని నిశ్చయించుకొని, 1524లో బార్సెలోనా నగరమున వ్యాకరణోపాధ్యాయుని యొద్ద చేరెను. ఆ యుపాధ్యాయుడు జీతము పుచ్చుకొనక చెప్పెను. ధర్మాత్మురాలైన యొక గృహిణి గ్రాసమునకు తోడ్పడెను.

ఇక్కడ జరిగిన సంగతి యొకటి నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. వ్యాకరణమును కంఠస్థము చేయుటకు కూర్చున్నప్పుడెల్ల ఆయన మనస్సున దివ్యమైన భావములు, ఆధ్యాత్మికానందములు పొంగి వచ్చి పాఠమును సాగనీయలేదు. ప్రార్థనలో నున్నప్పుడు గాని పూజలో నున్నప్పుడు గాని అంతటి యానందము రాకపోవుట గమనించి, ఇది దైవప్రేరణ కాదు, చదువు మాన్పించుటకు వచ్చిన శోధన యని ఆయన నిర్ధారించెను. అంతటితో విడువక, గురువుగారిని ఆయన యింటి చెంతనున్న సాంతా మరియా దెల్ మార్ దేవాలయమునకు తోడుకొనిపోయి, కూర్చుండబెట్టి, జరిగినదంతయు చెప్పి, ఆ పట్టణమున తనకు రొట్టెయు నీరును దొరకునంతకాలము, రాబోవు రెండేండ్లలో ఏ పాఠమునకును ఎగనామము పెట్టనని మాట యిచ్చెను. భక్తి పేరిట పాఠము ఎగగొట్టువారికి ఇంతకంటె తగిన ప్రసంగము నేనెరుగను; ఇది చేసినవాడు భక్తి తక్కువైనవాడు కాడు.

ఆయన కష్టములు అంతటితో తీరలేదు. తొందరపడి అల్కలాలోను సాలమంకాలోను పై చదువులు మొదలిడగా, అనుమతి లేక బోధించుచున్నాడని రెండుచోట్లను చెరసాలలో పెట్టిరి. మొదటిచోట 42 దినములు, రెండవచోట 22 దినములు. 1528లో పారిసు చేరి, తన పునాది గట్టిది కాదని గ్రహించి, మొంటేగూ కళాశాలలో మరల చిన్న పిల్లల తరగతిలో చేరెను. అనగా మరలి వచ్చినవాడే మరల మొదటికి వచ్చెనన్నమాట. చేతనున్న పైకమును బసలోని తోటి దేశస్థునికి దాచియుంచుమని యియ్యగా అతడు ఖర్చు పెట్టివేసెను. గతిలేక దూరముగా నున్న ధర్మసత్రములో తల దాచుకొనగా, ఆ సత్రము తలుపులు తెల్లవారిన పిదపనే తెరచి ప్రొద్దు గ్రుంకక ముందే మూయుటచే ఉదయపు పాఠములును సాయంకాలపు పాఠములును తప్పిపోవుచు వచ్చెను. పట్టణమునకు దూరపు హాస్టలులో నుండి మొదటి గంట హాజరు పోగొట్టుకొను మన పిల్లలకు ఇది నిన్నటి సంగతివలె తోచును. సెలవులలో ఫ్లాండర్సు పోయి స్పెయిను వర్తకులను యాచించి ఏడాది గ్రాసము కూర్చుకొని, నలుబదేండ్లు దాటిన పిమ్మట పట్టభద్రుడయ్యెను. సెయింట్ బార్బ్ కళాశాలలో ఆయనతో ఒకే గదిలో నుండిన యువకులలో ఒకడు ఫ్రాన్సిస్ జేవియరు. 1542లో గోవా తీరమున దిగినవాడతడే. చిన్నవారితో గది పంచుకొనుట నామోషీ యనుకొనియున్నచో ఆ స్నేహము జరిగియే యుండదు.

ఇక మన కాలమునకు వచ్చినచో, హైదరాబాదులో 1982లో స్థాపితమై, నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కరుగారి పేరు వహించుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, చదువు నిలిచిపోయిన మన తెలుగువారికి మహోపకారము చేసినది. ఉద్యోగములు చేసికొనువారికి అనుకూలముగా దాని అధ్యయన కేంద్రములలో తరగతులు చాలవరకు ఆదివారములందే జరుగును. ఇక్కడ క్రైస్తవ విద్యార్థికి ధర్మసంకట మొకటి వచ్చును. ఆరాధన మానుటయా, తరగతి మానుటయా? నన్ను అడిగినవారికి నేను చెప్పు మాట యిది. మన పట్టణములలో అనేక దేవాలయములందు వేకువ ఆరాధన యొకటి యున్నది, దానికి పొండు. అది లేనిచోట, విశ్రాంతి దినమున గోతిలో పడిన పశువును పైకి తీయుటను తప్పు పట్టని ప్రభువు, తరగతిగదిలో కూర్చున్న బిడ్డను తప్పు పట్టునని నేను నమ్మను. ఈ యభిప్రాయమును అంగీకరింపని దైవజనులు కలరు. వారితో వాదము పెట్టుకొనుటకు ఇది వేళ కాదు.

విరామకాలమంతయు పవిత్రమైన నిరీక్షణలోనే గడచునని చెప్పుట నా యుద్దేశము కాదు. క్రీ.శ. 354లో ఉత్తరాఫ్రికాలోని తగాస్తే పట్టణమున జన్మించిన అగస్టీను, పదునారవ యేట, తండ్రివద్ద ధనము చాలక చదువాపి ఒక సంవత్సరము ఇంట నుండవలసి వచ్చెను. ఆ యేడు ఆయన చేసిన పనులు మెచ్చదగినవి కావు. తోటి కుర్రవాండ్రతో కూడి పొరుగువారి తోటలో బేరికాయలు దొంగిలించి, తినుటకైనను గాక, పందులకు పారవేసిన సంగతిని తన కన్ఫెషన్స్ గ్రంథమున పుటల కొలది విచారించెను. అగస్టీనే గ్యాప్ సర్టిఫికెట్టు తీసికొనవలసి వచ్చినచో, చట్టవిరుద్ధమైన కార్యమేదియు చేయలేదను వాక్యము దగ్గర టైపిస్టును ఆగుమనియుండును. పిమ్మట ఆయన కార్తేజి నగరమున చదువు సాగించెను. స్వస్థలమైన తగాస్తేలోని ధనవంతుడు రొమానియానుడు అందుకు తోడ్పడెను. పోగొట్టుకొన్న కాలమునకు లేని మెరుగులు పెట్టనక్కరలేదనుట ఇందలి సౌకర్యము. వృథాపుచ్చితిని అని దేవుని యెదుట ఒప్పుకొనుటకు చోటున్నవాడు, ఇంటర్వ్యూలోనో బంధువుల యెదుటనో ఆ యేండ్లను గూర్చి కథలల్లవలసిన యవసరము నుండి విముక్తుడగును.

మరలి రానివారి మాట కూడ ఒకటి చెప్పవలెను, లేనిచో ఈ ప్రసంగము కళాశాలల ప్రకటనవలె నుండును. తిరునెల్వేలి సీమలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, గణిత పరీక్ష వేళకు జబ్బుపడి, పట్టము లేకయే బయటికి వచ్చి, మరల ఆ పరీక్ష ముఖము చూడలేదు. 1909లో ఆయన నిజాము రాజ్యములోని దోర్నకలునకు మిషనరీగా వచ్చి, తమిళము మాతృభాషయైనవాడయ్యును తెలుగులో బోధించుటకు అలవడి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషపుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవికి వచ్చిన భారతీయులలో ఆయనయే మొదటివాడు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చినది. డిగ్రీ లేనివాడు గొప్పవాడగునని చెప్పుటకు దీనిని ఎత్తలేదు. అట్టి ఉదాహరణలు చూపి పిల్లల చదువు చెరుపుట నాకిష్టము కాదు. ముప్పది యైదేండ్ల వయస్సున మరియొక భాషకు అక్షరములు దిద్దుటకు ఆయన సంకోచింపలేదను ఒక్క సంగతియే నాకు కావలసినది. ఆ కాలమున మన తెలుగు పల్లెలలో, పొలము పని ముగించుకొని వచ్చిన పెద్దవారు, లాంతరు వెలుతురున ఉపదేశిగారి ముందు పలకలు పట్టుకొని కూర్చుండి సువార్త చదువుటకు అక్షరములు నేర్చిరి. బడి గడప తొక్కనీయని కాలములో పుట్టినవారు వారు. మన క్రైస్తవ సంఘములు ఆ వయోజన విద్యార్థుల సంతతి. తరగతిలో పెద్ద వయస్సువానిని చూచి నవ్వుట మనకు తగదు.

కడపట, మార్కు అను మారుపేరు గల యోహాను సంగతి చెప్పెదను. అపొస్తలుల కార్యముల గ్రంథమున ఈ యువకుడు పౌలు బర్నబాలతో కూడ మొదటి ప్రయాణమునకు బయలుదేరి, కుప్ర ద్వీపము దాటి, పంఫూలియలోని పెర్గే చేరగానే వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకు పోయెనో గ్రంథకర్త చెప్పలేదు. ముందు కొండదారి యున్నది; ఇల్లు గుర్తు వచ్చినదో, జ్వరము వచ్చినదో, భయము వేసినదో. రెండవ ప్రయాణమునకు బర్నబా ఇతనిని మరల తీసికొని పోదమనగా పౌలు వలదనెను. నడుమ విడిచిపోయినవానిని ఎట్లు నమ్మగలమని ఆయన వాదము. తగవు ముదిరి వారిద్దరును విడిపోయిరి. పౌలు సీలను వెంటబెట్టుకొని సిరియ కిలికియ దేశముల మీదుగా పోయెను. బర్నబా మార్కును తీసికొని కుప్రకు ఓడ యెక్కెను. దీనిలో చమత్కార మొకటున్నది. క్రీస్తు శిష్యులను హింసించిన సౌలు, అనగా ఈ పౌలే, మారుమనస్సు పొంది యెరూషలేము వచ్చినప్పుడు, ఎవరును దగ్గరకు రానీయక భయపడుచుండగా, చేయి పట్టి తీసికొనిపోయి అపొస్తలుల యెదుట నిలిపి పూచీపడినవాడు ఈ బర్నబాయే. సౌలు తన యూరైన తార్సునకు పోయి మరుగున పడియుండగా, వెదకికొనిపోయి అంతియొకయకు తెచ్చినవాడును ఇతడే. అట్టి పూచీకత్తుతో నిలబడిన పౌలు, మార్కునకు ఆ పూచీ నిరాకరించెను. మనుష్యులు ఎంత పరిశుద్ధులైనను ఇట్లే యుందురు. రెండవ అవకాశము పొందినవారే ఇతరులకు దానిని ఇయ్యుటలో ఎక్కువ లోభము చూపుదురు.

కుప్రలో ఏమి జరిగినదో, బర్నబా ఆ యువకునితో ఏమి మాటలాడెనో, ఎన్ని నెలలు పట్టెనో లేఖనములు చెప్పవు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, చెరసాలలో మరణమునకు ఎదురుచూచుచున్న పౌలు, కొన్ని చిన్న పనులు పురమాయించును. త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీ తెమ్మనును. పుస్తకములును, ముఖ్యముగా చర్మపు కాగితములును తెమ్మనును. చలికాలము రాకముందే రమ్మనును. మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు, అతడు తన పరిచర్యకు ప్రయోజనకరుడనియు వ్రాయును. తొల్లి తాను వలదన్నవాని పేరే ఆయన ఇప్పుడు కోరుకొన్న వస్తువుల నడుమ నున్నది. రెండవ సువార్త అతని రచనయే యని సంఘము తొలి శతాబ్దముల నుండియు చెప్పుకొనుచున్నది.

మార్కు మరలి వచ్చుటకు అతని విశ్వాసము ఎంత కారణమో, ఓడలో ప్రక్కన కూర్చున్న బర్నబా అంత కారణము. నిరీక్షణ పైనుండి దిగివచ్చునని మనము పాడుకొందుము గాని, నేను చూచినంతవరకు అది తరచుగా ఒక మనిషి చెప్పులు వేసికొని వచ్చును. సంఘపు పాస్టరుగారు స్వయముగా కళాశాలకు వచ్చి, ప్రిన్సిపాలుగారి గదిలో కూర్చుండి, మిగిలిన ఫీజుకు రెండు నెలల గడువడిగిపోవుట నేనెరుగుదును. స్త్రీల సమాజపు సభ్యురాండ్రు పరీక్షల దినములలో వంతులు వేసికొని ఒక తల్లి బిడ్డను చూచుకొనుట నేనెరుగుదును. ఆ బిడ్డ ప్రతి యింటను ఒక్కొక్క రుచి మరగి, పరీక్షలైన పిమ్మట తల్లి వంట తిననని మారాము చేసినదట. మీ వీధిలో, మీ సంఘములో, చదువు నిలిచిపోయి మరల పుస్తకము పట్టిన వారెవరైన నున్నచో, పరీక్ష రుసుమునకు కడపటి తేదీ ఏదో రేపే అడిగి తెలిసికొనుడు. ఆ తేదీ దాటినచో అపరాధ రుసుము వేరు, అదియును దాటినచో ఆరు నెలలు వేచియుండవలెను. వారు స్వయముగా వచ్చి అడుగరు.